టర్కీ కోడికి కట్టు ఎంత బిగించాలి?

ప్రశ్న: డాలస్‌లో మా అమ్మాయి థాంక్స్‌గివింగ్‌కి 12 పౌండ్ల టర్కీ కోడి తెచ్చింది. గడ్డకట్టి ఉంది. అవెన్‌లో పెట్టేముందు దారంతో ఎలా కట్టాలి?

జవాబు: దారం సంగతి చివర్లోనండీ, ముందు మంచు కరగాలి. ఫ్రిజ్‌లోనే, కింది అరలో పళ్లెంలో పెట్టి మూడు రోజులు ఉంచండి. బయట పెట్టకండి. తర్వాత లోపల చెయ్యి పెట్టి మెడ ముక్క, గుండె, కందనకాయ ఉన్న సంచీ తీసేయండి; మెడ దగ్గర కూడా వెతకండి. మన అలవాటు కొద్దీ కుళాయి కింద కడగాలనిపిస్తుంది. వద్దు, ఆ తుంపర్లతో క్రిములు సింకంతా పాకుతాయి. కాగితంతో తడి బాగా ఒత్తేయండి, చర్మం కరకరలాడేది అప్పుడే.

ఇక కట్టు. రెక్కల కొసలు వెనక్కి మడిచి వీపు కిందికి తొయ్యండి, లేకపోతే మాడతాయి. కాళ్ల కొసలు రెండూ దగ్గరికి చేర్చి నూలు దారంతో వదులుగా ముడి వేయండి. నైలాన్ దారం వాడకండి. ఒళ్లంతా చుట్టి బిగించడం నాకు నచ్చదు: తొడల మధ్యకు వేడి చేరదు, అవి ఉడికేలోగా రొమ్ము మాంసం పీచులా ఎండిపోతుంది.

అవెన్ 325 ఫారెన్‌హీట్. ఎముకకు తగలకుండా థర్మామీటరు గుచ్చితే తొడలోనూ రొమ్ములోనూ 165 చూపాలి. దించాక అరగంట ఆగి కోయండి.