నేలలోని లోహమును కనిపెట్టు యంత్రము: దాని తెరను చదువు విధము

పొలములో పూడ్చిన ఇనుప గొట్టము ఎటు పోయినదో, మోటారు కేబులు ఎచ్చట మలుపు తిరిగినదో తెలియక రైతులు పలుచోట్ల గుంతలు త్రవ్వుచుందురు. గొట్టము వేయించిన పెద్దలు గతించినను, పొలము చేతులు మారినను ఆ జాడ చెప్పువారుండరు. ట్రాక్టరుతో లోతుదుక్కి దున్నునపుడు గొట్టము పగిలిన నీరు నష్టమగును. కేబులు తెగిన ప్రాణమునకే ముప్పు. ఇట్టి జాడ తీయుటకు మెటల్ డిటెక్టరు పనికివచ్చును. అయితే దాని తెరపై కనబడు అంకె వస్తువు పేరు చెప్పదు. ఆ వస్తువు యంత్రమునకు ఎట్టి జవాబిచ్చినదో మాత్రమే చెప్పును. ఈ భేదము తెలిసిన రైతునకు శ్రమయు, ధనమును మిగులును.

యంత్రము పనిచేయు తీరు

యంత్రము అడుగున పళ్లెమువంటి తీగచుట్ట ఉండును. అందులోని విద్యుత్తు మారుచుండు అయస్కాంత క్షేత్రమును కల్పించును. అది తగిలిన లోహములో చిన్న విద్యుత్ సుడులు పుట్టి, తమ క్షేత్రమును తిరిగి పంపును. ఈ జవాబు ఎంత బలముగా, ఎంత ఆలస్యముగా వచ్చినదో కొలిచి యంత్రము అంకెగా చూపును. రాయి, ప్లాస్టిక్ గొట్టము, భూగర్భ జలము దీనికి చిక్కవు. కావున బోరు స్థలము వెదకుటకు ఇది పనికిరాదు.

1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు శరీరములో దిగిన తుపాకి గుండును వెదకుటకు, టెలిఫోను నిర్మించిన గ్రాహం బెల్ ఇట్టి పరికరమునే తెచ్చెను. మంచములోని ఉక్కు స్ప్రింగులు కూడ జవాబిచ్చుటచే గందరగోళమేర్పడెను. గుండు దొరకలేదు. నేటికిని ఈ చిక్కు పోలేదు. పరిసరములలోని ఇనుము చెప్పుదానిని వేరుచేసి వినవలెను.

మూడు పద్ధతులు

1. ఆల్ మెటల్: ఏ లోహమున్నను పలుకును. గొట్టపు జాడ తీయుటకు మొదట దీనినే పెట్టవలెను. పలికిన ప్రతి చోట పుల్ల గుచ్చుచు పోవలెను. పుల్లలు వరుసగా గీతవలె సాగిన అది గొట్టమో, కేబులో కావచ్చును. ఒక్కచోట పలికి ఆగిపోయిన మేకు, నట్టు, గుంటక ముక్క వంటిదని అనుకొనవచ్చును. తెరపై అంకె కన్న నేలపై ఏర్పడిన ఈ ఆకారమే నమ్మదగిన సాక్ష్యము.

2. డిస్క్రిమినేషన్: లోహములను అంకెలతో వేరుచేయును. ఈ పద్ధతిలో చుట్టను ఆపక కదుపుచుండవలెను. అనేక యంత్రములలో అంకెలు 0 మొదలు 99 వరకు ఉండును. చిన్న ఇనుప ముక్కకు తక్కువ అంకె, మందపు రాగికిని, వెండికిని ఎక్కువ అంకె వచ్చును. నడిమి అంకెలలో బంగారమును, అల్యూమినియమును కలిసియే ఉండును. పెద్ద ఇనుప రేకు, వాషరు కూడ ఎక్కువ అంకె చూపవచ్చును. తూర్పు పడమరలుగా ఒకసారి, ఉత్తర దక్షిణములుగా ఒకసారి చూడవలెను. అంకె నిలకడగా లేనిచో అది త్రుప్పు ఇనుమో, రెండు మూడు ముక్కల కలయికయో కావచ్చును.

3. పిన్‌పాయింట్: వస్తువు నడిబొడ్డును చూపును. తెరపై కనబడు లోతు సాధారణముగా నాణెమంత వస్తువునకు లెక్కించినది. పెద్ద గొట్టము చూపిన దానికన్న లోతుగా ఉండవచ్చునని తలచవలెను.

నేల భేదము

పులివెందుల ఎర్రనేలలలో ఇనుప ఖనిజములు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నల్లరేగళ్లలో తడిసిన ఉప్పులు తామే జవాబిచ్చి యంత్రమును తికమక పెట్టవచ్చును. లోహము లేని చోట చుట్టను పైకి క్రిందికి ఆడించి, ధ్వని మారకుండునట్లు గ్రౌండ్ బ్యాలెన్సు సరిచేయవలెను. పొలము మారినపుడెల్ల దీనిని మరల చేయవలెను.

పని మొదలు పెట్టుటకు ముందు మేకు, రాగితీగ చుట్ట, అల్యూమినియము ముక్క, ఇనుప గొట్టపు ముక్కలను వేరువేరుగా జానెడు లోతున పూడ్చి, ఒక్కొక్కదాని అంకెను పుస్తకములో వ్రాసికొనవలెను. యంత్రముతో వచ్చిన పట్టిక కన్న మీ నేలపై మీరు వ్రాసికొన్నదే మీకు ఎక్కువ ఉపయోగము.

గుప్తనిధుల ఆశ

నిలువెత్తు లోతులోని బంగారమును అంకెతో చెప్పెదమనువారిని నమ్మరాదు. ఈ చేతి యంత్రములకు నాణెమంత వస్తువు సుమారు జానెడు లోతు వరకే చిక్కును. చీనీ చెట్టునకు ఆహారము తెచ్చు వేళ్లు ఎక్కువగా పై రెండడుగులలోనే ఉండును. ఒక్క అంకెను నమ్మి పాదు త్రవ్విన దొరకునది అల్యూమినియపు ముక్కయైనను, తెగినది మాత్రము కాపు కాయు చెట్టు వేరు.

నేలలో దాచిన సొత్తు నిజముగనే దొరికి, దాని విలువ పది రూపాయలు మించినచో, 1878 నాటి నిధుల చట్టము ప్రకారము కలెక్టరునకు వ్రాతపూర్వకముగ తెలుపవలెను. దాచిన వాడు తన భాగము కోల్పోవును, శిక్షకును పాత్రుడగును. గండికోట వంటి రక్షిత స్థలములలో అనుమతి లేక త్రవ్వుట 1958 చట్టము క్రింద నేరము.

గుర్తుంచుకొనవలసినవి

కేబులు జాడ దొరికినచో మెయిను వద్ద విద్యుత్తు ఆపిన తరువాతనే త్రవ్వవలెను. గడ్డపారతో పొడువక, పారతో పొరలు పొరలుగా తీయవలెను. క్రొత్తగా ప్లాస్టిక్ గొట్టము వేయువారు ప్రతి మలుపువద్దను, వాల్వువద్దను, దుక్కికి అందని లోతున, గొట్టముపై అడుగు వెడల్పు ఇనుప రేకును పరచవలెను. గట్టు నుండి దూరము కొలిచి పటము గీసి పొలము కాగితములతో దాచవలెను. రేపు ఆ భూమిని దున్నబోవు బిడ్డలకు అదియే జాడ.