ఫోల్డింగ్ ల్యాండింగ్ నెట్ కొంటున్నారా? మడిచిన సైజు కాదు, చాపిన పొడవు చూడండి

మెగాపిక్సెల్ నంబర్ ఒక్కటే చూసి ఫోన్ కొనకూడదని మన రీడర్స్‌కి కొత్తగా చెప్పక్కర్లేదు. ఫిషింగ్ గేర్‌లోనూ అలాంటి నంబర్ ఒకటుంది. ఆన్‌లైన్‌లో ఫోల్డింగ్ ల్యాండింగ్ నెట్ పేజీ ఏది తెరిచినా "మడిస్తే ఇంతే" అంటూ ఆ సైజే ముందు కనిపిస్తుంది. నేనూ అది చూసే మొదటి నెట్ కొన్నా. బ్యాగులో చక్కగా పట్టింది. పెన్నహోబిలం రిజర్వాయర్ దగ్గర రాళ్ల మీద నిలబడి చాపితే మాత్రం నీళ్లకు జానెడు దూరంలో ఆగిపోయింది. పక్కన గాలం వేస్తున్న పెద్దాయన చూసి, "ఏం సామీ, ఆ గంటెతో పులుసు వడ్డిస్తావా?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు.

అనంతపురం లాంటి చోట ప్యాకబుల్ నెట్ కొనేముందు ఏం చూడాలో ఈ గైడ్‌లో తెలుసుకుందాం.

అసలు తేడా ఎక్కడుంది?

గాలానికి పడ్డ చేపను దారంతో పైకి లాగితే దారమైనా తెగుతుంది, చేప నోరైనా చిరుగుతుంది. అందుకే ఒడ్డుకు దగ్గరయ్యాక కింద వల పెట్టి తీసుకుంటాం. ఆ చేతివలే ల్యాండింగ్ నెట్.

మార్కెట్లో చిన్నగా మడిచే మోడల్స్ చాలావరకు ఫ్లై ఫిషింగ్ కోసం చేసినవి. కొండవాగులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ట్రౌట్ పట్టేవాళ్లకు చేప చేతి దగ్గరికే వస్తుంది. జానెడు హ్యాండిల్ ఉంటే చాలు.

మన దగ్గర అలా కాదు. పెన్నహోబిలం, మిడ్ పెన్నార్ రిజర్వాయర్లకు తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు, జీడిపల్లికి హంద్రీ-నీవా నీళ్లు వస్తాయి. వదిలితే నిండుతుంది, వాడితే దిగుతుంది. పోయిన నెల నిలబడిన చోటు నుంచి నీళ్లు ఈ నెల చాలా దూరం పోయి ఉండొచ్చు. చెరువులైతే మరవ పారిన ఏడాది ఒక లెక్క, వాన లేని ఏడాది ఇంకో లెక్క. నీళ్లు వెనక్కి పోయిన చోట ఒండ్రు పైకి ఎండినట్టే ఉంటుంది, కాలు పెడితే దిగబడుతుంది. పొట్టి హ్యాండిల్ ఉన్నవాడు చేప కోసం ఇంకో అడుగు ముందుకు వేస్తాడు. ప్రమాదం అక్కడే ఉంది.

కొనేముందు చూడాల్సిన 5 విషయాలు

1. హ్యాండిల్ పొడవు: మీరు ఎప్పుడూ కూర్చునే చోటికి ఒక పొడవాటి కర్ర తీసుకెళ్లండి. గట్టి నేల మీద నిలబడి కర్ర నీళ్లలోకి ఒక అడుగు మునిగేలా పెట్టి ఆ పొడవు కొలవండి. మీకు కావాల్సింది అదే. రాళ్లు పేర్చిన కట్ట మీద నుంచైతే నాకు దాదాపు 2 మీటర్లు కావాల్సి వచ్చింది. ఆ పొడవుకు చాపే టెలిస్కోపిక్ హ్యాండిల్ మడిచినా 60-70 సెంటీమీటర్లు ఉండొచ్చు. బ్యాగులో పట్టదు, బైకు పక్కన కట్టుకోవాలి. ఆ కాస్త ఇబ్బంది పడక తప్పదు.

2. లాక్: తిప్పి బిగించే లాకుల్లో ఇసుక చేరితే బిగుసుకుపోతాయి, లేదా బరువు పడగానే జారతాయి. బటన్ లేదా క్లిప్ లాక్ మేలు. తడి చేత్తో, ఒక్క చేత్తో తెరవగలిగేది చూసుకోండి. ఇంకో చేతిలో రాడ్ ఉంటుందని మర్చిపోవద్దు.

3. రింగ్ సైజు: కిలో రోహు దాదాపు 40 సెంటీమీటర్లు ఉంటుంది. బొచ్చె తల వెడల్పు. కాబట్టి రింగ్ 45 సెంటీమీటర్ల దగ్గర ఉంటే నిశ్చింత. జిలేబి చేపలకే అయితే 30-35 సరిపోతుంది.

4. మెష్: ముడులున్న నైలాన్ వల చవక. కానీ చేప ఒంటిమీది జిగురును గీరేస్తుంది, రెక్కలను చీలుస్తుంది. ఆ జిగురే చేపకు రోగాలు రాకుండా కాపాడేది. తిరిగి వదిలేవాళ్లు రబ్బర్ లేదా రబ్బర్ కోటింగ్ మెష్ తీసుకోవాలి. బరువు కొంచెం ఎక్కువ, కానీ గాలం చిక్కుకోదు, వాసన తక్కువ, కడిగితే తొందరగా ఆరుతుంది.

5. కీలు: రింగ్, హ్యాండిల్ కలిసే చోటే ఎక్కువగా విరుగుతుంది. మన ఎండకు ప్లాస్టిక్ కీలు పెళుసుబారుతుంది. మెటల్ కీలు ఉన్నది చూడండి. నల్ల మెటల్ హ్యాండిల్ మే నెల ఎండలో చెయ్యి కాలుస్తుంది, ఫోమ్ గ్రిప్ ఉంటే మంచిది.

ఇంట్లోనే చేసే టెస్ట్

రిటర్న్ గడువు అయిపోకముందే ఇది చేయండి. 2 లీటర్ల బాటిల్ నిండా నీళ్లు పోసి నెట్‌లో వేయండి. అది 2 కిలోల బరువు. హ్యాండిల్ పూర్తిగా చాపి, నిలువుగా పట్టుకుని పైకి ఎత్తండి. లాక్ జారినా, కీలు వంగినా వెనక్కి పంపేయండి. అడ్డంగా పట్టుకుని మాత్రం ఎత్తొద్దు. అరమీటర్ హ్యాండిల్‌తో పోలిస్తే 2 మీటర్ల హ్యాండిల్ చివర అదే బరువు మీ మణికట్టు మీద దాదాపు 4 రెట్లు ఒత్తిడి పెడుతుంది. చెరువు దగ్గరా ఇదే రూల్: చేప పడ్డాక వలను మీ వైపు జరుపుకుని, రింగ్ పట్టుకుని ఎత్తాలి.

వాడే పద్ధతి

చేప వెంట వల పరిగెత్తకూడదు. వలను ముందే నీళ్లలో ముంచి కదలకుండా ఉంచండి, చేపను తల ముందుగా దాని మీదికి తీసుకురండి.

ఎండాకాలం ఇంకో సంగతి. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాములు పట్టి ఉంచగలిగితే, 30 డిగ్రీల నీళ్లలో అది 7.5 దగ్గరికి పడిపోతుంది. పెనుగులాడి అలిసిన చేప అలాంటి నీళ్లలో త్వరగా కోలుకోదు. అందుకే మధ్యాహ్నం మానేసి తెల్లవారుజామున వెళ్లండి. గాలం తీసేదాకా చేపను వలలోనే, నీళ్లలోనే ఉంచండి. చేతులు తడుపుకున్నాకే ముట్టుకోండి. ఫోటో ఒక్కటి చాలు, రీల్ కోసం ఆగొద్దు.

ముందు అనుమతి, తర్వాత నెట్

మన చెరువుల్లో చాలావాటిలో చేప పిల్లలు వదిలేది, పట్టుకునే హక్కు ఉన్నది మత్స్యకార సహకార సంఘాలకు. వాన తక్కువైన ఏడాది వాళ్లకు వచ్చేదే తక్కువ. మనకు ఆదివారం సరదా, వాళ్లకు అది అన్నం. సంఘం వాళ్లను అడగండి, రిజర్వాయర్ అయితే మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోండి. వదలమన్న చేపను బతికుండగా వదలగలిగితేనే మళ్లీ రానిస్తారు. ఆ పని చేసిపెట్టేది మంచి వలే.

ఏది కొనాలి?

కట్ట మీద, రిజర్వాయర్ ఒడ్డున పట్టేవాళ్లు 2 మీటర్ల దాకా చాపే టెలిస్కోపిక్ హ్యాండిల్, 45 సెంటీమీటర్ల మడత రింగ్, రబ్బర్ కోటింగ్ మెష్ ఉన్నది తీసుకోండి. ఊటీ, మున్నార్ వైపు వాగుల్లో ట్రౌట్ కోసం వెళ్లేవాళ్లకు చిన్న ఫ్లై ఫిషింగ్ నెట్ చాలు. రెండింటికీ ఒకటే కావాలంటే, హ్యాండిల్ విప్పి మార్చుకునే మోడల్ చూడండి. బడ్జెట్ సరిపోకపోతే రింగ్ సాదాదైనా ఫర్వాలేదు, హ్యాండిల్ పొడవు దగ్గర మాత్రం సర్దుకోవద్దు. వల నీళ్లకు అందాలి, మీ కాళ్లు గట్టి నేల మీదే ఉండాలి.