గర్భిణులకు రక్తపరీక్ష ఎందులకు?

బెంగాలు నాగపూరు రైల్వే కాలమునుండి బిలాసపూరు రైల్వే కాలనీలలో తెలుగు కుటుంబములు స్థిరపడియున్నవి. అచ్చటి గర్భిణి ఆసుపత్రికి పోయినపుడు, ఆమెయందు ఏ రోగలక్షణమును లేకున్నను, రక్తము తీసి సవాయిరోగమునకును, హెచ్.ఐ.వి.కిని, హెపటైటిస్ బి కిని పరీక్షింతురు. తమ్మేల శంకించుచున్నారని కొందరు నొచ్చుకొనుట కలదు. ఇది శంక కాదు. గర్భిణులందరికిని ఉద్దేశింపబడిన పరీక్ష.

సవాయి విషయమే చూడుడు. మొదట లేచు పుండునకు సాధారణముగా నొప్పి యుండదు. స్త్రీలకు లోపల లేచినచో కనబడనే కనబడదు. చికిత్స లేకయే అది మానిపోవును. రోగము మాత్రము పోదు; రక్తమున నిలిచి, మాయ ద్వారా శిశువునకు సోకును. గర్భస్రావము, మృతశిశు జననము కలుగవచ్చును. 1906లో వాసర్మన్ రక్తపరీక్ష వెలువడుటతో దాగిన రోగము బయటపడసాగెను; 1943లో పెనిసిలిన్ దానికి మందని తేలెను. తొలిదశలో నేటికిని 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెనిసిలిన్ ఒక్క మోతాదు చాలును. ఆలస్యమైనచో వారమునకొకటి చొప్పున మూడు వలయును. ఇంత చౌకగా శిశుప్రాణమును నిలుపు మందులు అరుదు. భర్తకును చికిత్స జరుగవలెను. లేనిచో రోగము మరల అంటుకొనును.

తక్కిన రెండింటిని సమూలముగా పోగొట్టు మందు ఇంకను లేదు. అయినను తల్లి మందులు వాడినచో శిశువునకు హెచ్.ఐ.వి. సోకు ప్రమాదము మిక్కిలి తగ్గును. హెపటైటిస్ బి టీకా పుట్టిన 24 గంటలలో వేయింపవలెను.

సెగరోగము, క్లమీడియా ఈ రక్తపరీక్షలలో తెలియవు. స్రావమో, పొత్తికడుపు నొప్పియో ఉన్నచో దాచక చెప్పవలెను. హెచ్.ఐ.వి. పరీక్షకు ముందు సమ్మతి పొందవలెననియు, ఫలితమును గోప్యముగా నుంచవలెననియు 2017 నాటి చట్టము విధించుచున్నది.