లేని చిత్రమునకు ట్రైలరు

ట్రైలరు అను ఆంగ్లపదమునకు వెనుక వచ్చునది యని యర్థము. అయినను నేడది అసలు చిత్రమునకు ఎంతో ముందుగా వచ్చుచున్నది. తొలినాళ్లలో సినిమాశాలలందు ఒక చిత్రము ముగిసిన పిదప, రాబోవు చిత్రములోని కొన్ని తునకలను చూపెడివారు. వెనుక చూపుటచేత దానికా పేరు కలిగినది. ఆట ముగియగానే జనులు లేచిపోవుచుండుటచే దానిని ముందునకు జరిపిరి. పేరు మాత్రము మారలేదు.

గత సంవత్సరము మన పాఠశాలలో పదునొకండవ తరగతి విద్యార్థులు అట్టి ట్రైలరు నొకదానిని నిర్మించిరి. అది ప్రేమకథ. ఆ కథకు అసలు చిత్రము లేదు, ఉండబోదు. ఈ సంగతి విని కొందరు తల్లిదండ్రులు కలవరపడిరి. ఒక తండ్రిగారు మా గదికి వచ్చి, "అయ్యా, చదువుకొమ్మని పంపితే ప్రేమకథలు తీయిస్తున్నారా?" అని సూటిగా అడిగిరి. అడుగదగిన ప్రశ్నయే. ఈ వ్యాసమును ఆయనకును, అడుగక మనసులో నుంచుకొనిన తక్కినవారికిని సమాధానముగా వ్రాయుచున్నాము. పని యెట్లు జరుగునో తెలిసినగాని దాని మంచిచెడ్డలు తేల్చలేము గనుక మొదట పనిని గురించియే చెప్పెదము.

ట్రైలరు కూర్చుట తరగతిలో నేర్పు సంక్షేపరచన వంటిది. పెద్ద కథను చిన్నదిగా చేయవలెను. భేదమేమనగా, సంక్షేపరచనలో ముగింపు చెప్పితీరవలెను. ట్రైలరులో ముగింపు చెప్పనే కూడదు. కావున పిల్లలకు సంపూర్ణ చిత్రము తీయు భారము లేకయే కథను గురించి ఆలోచించు అవకాశము కలుగును. నిడివి రెండు నిమిషములు. చలనచిత్రమున సెకండునకు 24 బొమ్మలు నడచును గనుక రెండు నిమిషములకు 2880 బొమ్మలు. ఒక్కొక్క షాటు సుమారు మూడు సెకండ్ల చొప్పున నలువది షాట్లు కావలెను. ఈ లెక్క నల్లబల్లపై వేసి చూపగానే, అంతవరకు కేరింతలు కొట్టుచుండిన తరగతి నిశ్శబ్దమైనది.

కథ యెట్లు కట్టవలెనో తెలుపుటకు మల్లీశ్వరి చిత్రమును చూపితిమి. బి.ఎన్. రెడ్డిగారు మన చెన్నపురి వాహినీ స్టూడియోలో తీసిన ఆ చిత్రము 1951లో విడుదలైనది. వడపళనిలో ఆ స్టూడియో ఉండిన నేలలో నేడు ఆసుపత్రియు, అంగళ్ల భవనమును లేచినవి. ఆ దారిన పోవునప్పుడెల్ల, అచ్చట తెలుగు మాటలతో ఒక యుగము గడిచినదని మన పిల్లలలో ఎందరికి తెలియునా యని మాకు తోచుచుండును. అది యటుండనిండు. వానకు తలదాచుకొనిన బావామరదళ్లు, అచ్చటికే మారువేషమున వచ్చిన రాయలవారు, మల్లికి పల్లకి పంపుడని నాగరాజు వేడుకకు అడుగుట, కొంతకాలమునకు ఆ పల్లకి నిజముగనే యింటిముందు దిగుట - ఇంతవరకు చూపి, "దీనికి ట్రైలరు మీరే కట్టవలసివచ్చిన ఎచ్చట ఆపుదురు?" అని యడిగితిమి. పల్లకి దిగినచోట, అని దాదాపుగా అందరును ఒక్క గొంతుతో చెప్పిరి. ప్రేమకథలో ప్రేమకంటె అడ్డంకి ముఖ్యమనియు, ఆ అడ్డంకి కనబడినచోట ట్రైలరు ఆగవలెననియు వేరుగ చెప్పవలసిన పని లేకపోయెను.

పిల్లలు వ్రాసి తెచ్చిన మొదటి కథలో విమానాశ్రయము, మోటారుసైకిలు, పదిమంది దుండగులు ఉండిరి. మా తెలుగు పండితులు దానిని ఓపికతో చదివి, "మీ వీధిలో జరిగే అడ్డంకి ఏదైనా చెప్పండి," అనిరి. రెండు రోజులకు ఒక బాలిక చెప్పిన కథ యిది. ఒకే వీధిలో రెండు తెలుగిండ్లు. అమ్మాయి తెలుగు బడిలో చదువుచున్నది. అబ్బాయి యింటిలో తెలుగు పలుకును గాని వేరొక బడిలో చదువుటచే తెలుగక్షరములు ఎరుగడు. అమ్మాయి అతనికి తెలుగులో ఉత్తరము వ్రాసినది. అతడు దానిని చదువలేడు. ఎవరిచేత చదివించుకొనవలెను?

తరగతి యంతయు నవ్వినది. తరువాత ఎవ్వరును నవ్వలేదు. ఏలనన, అట్టి అన్నలును అక్కలును వారి యిండ్లలోనే కలరు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత ఈ రాష్ట్రమున తమిళము ఒకటవ తరగతినుండి అంచెలంచెలుగా తప్పనిసరి పాఠ్యమైనది. దానిపై మాకు నిష్ఠురము లేదు. ఉన్న ఊరి భాష రావలసినదే. తెలుగు మాత్రము, అడిగి తెచ్చుకొనువారికి గాని దొరకని వస్తువైనది. "ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకోవచ్చు కదా, కాగితమెందుకు?" అని ఒక విద్యార్థి ఆక్షేపించెను. "మా ఇంట్లో ఫోను అందరూ చూస్తారు," అని ఆ బాలిక జవాబు చెప్పినది. కథ స్థిరపడినది.

ఇక మాటలు. ఇచ్చటనే మేము ఎక్కువ దినములు గడపితిమి. ప్రేమించిన మనిషికి తెలుగులో ఒక వాక్యము వ్రాయుడనగా, పదునారేండ్ల పిల్లలకు మూడు ఆంగ్లపదములు తప్ప మరేమియు తట్టలేదు. తిట్టుటకు, బేరమాడుటకు, అమ్మను అన్నము పెట్టుమనుటకు వారికి తెలుగు కలదు. పరీక్ష వ్రాయుటకు మరియొక తెలుగు కలదు. మనసులోని మాట చెప్పుటకు లేదు. తల్లిదండ్రులు ప్రేమ యను పదమును చూచి భయపడుచున్నారు; మేము ఆ లేమిని చూచి భయపడితిమి. ప్రతి విద్యార్థియు ఆ ఉత్తరమును తనంతట తాను వ్రాయవలెనని నియమించితిమి. పదునాలుగు ఉత్తరములు వచ్చినవి. వానిలో సినిమాపాటల వాసన కొట్టని మూడింటినుండి ట్రైలరునకు కావలసిన రెండు వాక్యములు ఏరితిమి.

అవ్వ పాత్రను ఒక విద్యార్థి నాయనమ్మగారు ధరించిరి. ఆమెకు పిల్లలు సినిమాతీరున మాటలు వ్రాసి యిచ్చిరి. ఆమె విని, "నేనట్టా మాట్లాడనమ్మా. నేను మాట్లాడేదే మాట్లాడతా ఉండాను, మీరు తీసుకోండి," అనిరి. పుస్తకభాషయా, ఇంటిమాటయా యని కొంత తర్జనభర్జన జరిగినది. ఈ వ్యాసమును చదువుచున్నవారికి మా యభిరుచి ఏదియో చెప్పనక్కరలేదు. అయినను అవ్వగారి పక్షమే న్యాయమని తీర్పు చెప్పితిమి.

చిత్రీకరణకు ముందు నలువది షాట్లను నలువది గడులలో బొమ్మలుగా గీయించితిమి. పుల్లల మనుష్యులైనను చాలును. ఎవరు ఏ ప్రక్కకు చూచుచున్నారో తెలియవలెను. ఈ పని చేయక ఫోను చేతబట్టినవారు దినమంతయు తిరిగి, సాయంకాలమునకు ఒకదానితో నొకటి అతుకని తునకలతో ఇల్లు చేరుదురు.

ఇప్పుడు తల్లిదండ్రులు ముఖ్యముగా వినవలసిన విషయము. మా ట్రైలరులో అమ్మాయియు అబ్బాయియు ఒకరినొకరు పదకొండుమారులు చూచుకొందురు. వాస్తవమున వారిరువురును ఒక్కనాడైనను కెమెరా యెదుట కలిసి నిలువలేదు. అమ్మాయి షాట్లు ఒక శనివారమున, అబ్బాయి షాట్లు మరుసటి శనివారమున తీయబడినవి. అబ్బాయి అంత ఆర్ద్రముగా చూచినది మా తెలుగు పండితులు ఎత్తిపట్టిన గొడుగు కొనను. చిత్రకళలో ఇది కొత్త కాదు. ఒకే ముఖము ప్రక్కన వేర్వేరు దృశ్యములు చేర్చినచో, చూచువారికి ఆ ముఖమున వేర్వేరు భావములు తోచునని రష్యా దర్శకుడు కులెషోవ్ ఒక శతాబ్దమునకు పూర్వమే నిరూపించెను. ఒక్క నియమము మాత్రము తప్పరాదు. ఇద్దరి నడుమ ఒక గీత యున్నట్లు ఊహించి, కెమెరా ఆ గీతకు ఎల్లప్పుడు ఒకే ప్రక్కన ఉండవలెను. అమ్మాయి తెరపై కుడివైపునకు చూచినచో అబ్బాయి ఎడమవైపునకు చూడవలెను. గీత దాటినచో ఇరువురును ఒకే దిక్కున ఎవరికొరకో చూచుచున్నట్లుండును.

వెలుతురు విషయమున మాకు ఒక గురువు లభించిరి. ఒక బాలిక తాతగారు యౌవనమున కోడంబాకము స్టూడియోలలో దీపములు మోసినవారు. ఆయన తెల్లని థర్మోకోలు పలకను తెప్పించి, దానిపై ఎండను పట్టి, ముఖముపైకి మళ్లించి చూపిరి. "మొగానికి వెలుగు కావాలిరా, మంట కాదు," అని ఆయన యన్న మాటను పిల్లలు ఇప్పటికిని వల్లించుచున్నారు. మెరీనా తీరమున ఉదయము తీయుడనియు ఆయనయే చెప్పిరి. మనకు సూర్యుడు సముద్రముపై ఉదయించును. నటులు సముద్రమువైపు తిరిగి నిలిచినచో లేత యెండ ముఖముపై పడును. సాయంకాలమైనచో సూర్యుడు ఊరి వెనుకకు పోవును. అప్పుడు కడలిని చూచు ముఖము నీడలో మునుగును.

ఇంటిలోపలి షాట్లకు మరియొక చిక్కు కలిగినది. గొట్టపు దీపముల వెలుగున తీసిన చిత్రములో నల్లని చారలు ప్రాకుచుండెను. మన దేశమున విద్యుత్తు సెకండునకు 50 ఆవృత్తులతో ప్రవహించుటచే ఆ దీపములు సెకండునకు నూరుమారులు మినుకుమనును. ఫోనులోని కెమెరాను సెకండులో 50వ వంతు వేగమునకు నిలిపినచో చారలు మాయమగును. ఈ భాగము మా భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు సంతోషముతో బోధించిరి. పాఠములో చదివినది కంటికి కనబడినది గదా.

వియోగమునకు పిల్లలు రైల్వే స్టేషను కావలెననిరి. అనుమతి లేక అచ్చట చిత్రీకరింపరాదని చెప్పితిమి. అబ్బాయి ముఖము, కిటికీ ఊచల నీడ, పైన రైలు పోవు చప్పుడు - ఇంతే పెట్టిరి. చూచినవారందరును స్టేషనును చూచితిమనియే చెప్పిరి. చప్పుడును వేరొక ఫోనుతో వీధిలో నిలబడి పట్టినారు. సంభాషణలను సైతము అటులనే, నోటికి దగ్గరగా మరియొక ఫోను నుంచి పట్టి, మొదట ఒక చప్పట కొట్టించి, ఆ చప్పటను చూచి రెండింటిని జోడించిరి.

తీసినది గంటన్నరకు పైన. మిగిల్చినది రెండు నిమిషములు. తాము కష్టపడి తీసినదానిని తామే పారవేయుట పిల్లలకు కన్నీళ్లు తెప్పించినది. సంగీతమునకు సినిమాపాటను వాడనీయలేదు. పరుల పాటను అనుమతి లేక తీసికొనరాదని 1957 నాటి కాపీరైటు చట్టమును వివరించి చెప్పితిమి. తొమ్మిదవ తరగతి బాలుడొకడు వేణువుపై వాయించిన చిన్న వరుస ఆ స్థానమున చేరినది. సినిమాశాలలో చూపు ట్రైలరునకు సైతము సెన్సారు ధ్రువపత్రము ఉండవలెను. 2023 సవరణ చట్టము పిమ్మట ఏడు, పదమూడు, పదునారు ఏండ్లను బట్టి తరగతులు ఏర్పడినవి. మాది పాఠశాల ప్రదర్శనమే అయినను, "ఏడేండ్ల తమ్ముడు ప్రక్కన కూర్చుండి చూడవచ్చునా?" అను ప్రశ్నను ప్రతి షాటునకు వేసికొనుడంటిమి. పిల్లలు మాకంటె కఠినులు. రెండు షాట్లు తామే తీసివేసిరి.

వార్షికోత్సవమున ప్రదర్శించిన దాని చివరి భాగము రానివారికొరకు వ్రాయుచున్నాము. ఉత్తరమును మడతపెట్టుకొని అబ్బాయి వీధులు తిరుగును. దుకాణమువానిని అడుగబోయి మానును. తుదకు అవ్వ చేతిలో పెట్టును. అవ్వ కళ్లద్దములు సవరించుకొని పైకి చదువును: "నువ్వు నాతో తెలుగులోనే మాట్లాడతావు, అందుకే తెలుగులో రాశాను. ఇది నువ్వే చదువుకోవాలి, ఎవరిచేతా చదివించుకోవద్దు." అవ్వ ఆగును. మనుమని చూచును. ఉత్తరము మడచి వాని చేతికిచ్చి, లోపలికి పోయి పలక తెచ్చును. పలకపై 'అ' వ్రాయు చేయి. తెర నల్లనగును. 'చదవని ఉత్తరం' అని పేరు పడును.

సభలో కొంతసేపు చప్పట్లు వినబడలేదు. మమ్ము ప్రశ్నించిన తండ్రిగారు రెండవ వరుసలో ఉండిరి. ఆయన పెద్దకుమారుడు తెలుగు చదువనివాడు. వెలుపలికి వచ్చిన పిదప ఆయన మాతో ప్రేమను గురించి యేమియు ప్రస్తావింపలేదు. "ఆ ఉత్తరంలో తక్కినదేముందండి?" అని మాత్రము అడిగిరి. ఏమియు లేదు, కాగితమున ఆ రెండు వాక్యములే వ్రాసి, క్రింద వట్టి గీతలు గీసిరి. ఆ మాట ఆయనకు చెప్పలేదు. మరుసటి వారమున ముగ్గురు తల్లులు వచ్చి, వేరు బడులలో చదువుచున్న తమ పెద్దపిల్లలకు శనివారములందు అక్షరములు నేర్పుదురా యని యడిగిరి. జూలైనుండి ఆ తరగతి నడచుచున్నది. ప్రస్తుతము తొమ్మండుగురు వచ్చుచున్నారు.

ఈ యేటి ట్రైలరు పని దసరా సెలవుల తరువాత మొదలగును. నటించు పిల్లల తల్లిదండ్రులకు కథను ముందుగా చదివి వినిపించెదము. ఇరువురును సంతకము చేసిన అనుమతిపత్రము లేనిదే ఎవరిని కెమెరా యెదుట నిలుపము. తయారైనదానిని పాఠశాల వెలుపల ఎచ్చటను ఉంచము. మీ యిండ్లలో పెద్దలు తెలుగు చేవ్రాతతో వ్రాసిన పాత ఉత్తరములు, కార్డులు ఉన్నయెడల కొలది దినములకు ఎరువిప్పింపగోరుచున్నాము. వానిని చదివి, ఏ యింటి ఉత్తరమును తెరపై చూపక, భద్రముగా తిరిగి పంపెదము.