గేదెలలో పాల చేపు: పశువు మనఃస్థితి, పెంపకందారు బాధ్యత

దూడ చనిపోయిన గేదె పాలు ఎగచేపడం పాడి రైతులకు సుపరిచితమైన సమస్య. దీనిని పశువు మొండితనంగా భావించి కొట్టడం, అదిలించడం పరిపాటి. శరీరధర్మ శాస్త్రం దీనికి వేరొక కారణాన్ని చూపుతున్నది.

దూడ స్పర్శ, పొదుగు మర్దన, దాణా బకెట్టు చప్పుడు వంటి సంకేతాలు మెదడుకు అందినప్పుడు పిట్యూటరీ గ్రంథి నుండి ఆక్సిటోసిన్ విడుదలవుతుంది. ఈ హార్మోను రక్తం ద్వారా పొదుగును చేరి పాలకోశాల చుట్టూ గల కణాలను సంకోచింపజేయగా పాలు చన్నులలోనికి దిగుతాయి. గేదెలలో అత్యధిక భాగం పాలు ఈ కోశాలలోనే ఉంటాయి గనుక చేపు రానిదే పాలు రావు. భయం, నొప్పి కలిగినప్పుడు విడుదలయ్యే అడ్రినలిన్ ఈ ప్రక్రియను అడ్డగిస్తుంది. కావున కొట్టిన కొలదీ చేపు మరింత ఆలస్యమవుతుంది.

బకెట్టు చప్పుడుకే చేపు రావడం పశువు జ్ఞాపకశక్తికి, నేర్చుకొనే సామర్థ్యానికి నిదర్శనం. తనను కొట్టిన మనిషిని కూడా పశువు అదే విధంగా గుర్తుంచుకొంటుంది.

దూడ లేని లోటును ఆక్సిటోసిన్ ఇంజెక్షన్‌తో పూడ్చుకోవడం కొన్ని చోట్ల అలవాటుగా మారింది. ప్రతి పూటా సూది నొప్పితో పాటు, క్రమేణా ఇంజెక్షన్ లేనిదే చేపని స్థితి ఏర్పడవచ్చు. పాల దిగుబడి కోసం పశువు ఆరోగ్యానికి హాని కలిగించే ఇంజెక్షన్లు ఇవ్వడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం.

అసలు సమస్య దూడ మరణంతోనే మొదలవుతున్నది. మగ దూడ వలన ఆదాయం లేదని దానికి పాలు తగ్గించడం ఈ మరణాలకు ఒక కారణం. పుట్టిన గంటలోపు జున్నుపాలు త్రాగించడం, పశువైద్యుని సలహాపై రెండు వారాలలోపు ఏలికపాముల మందు పట్టించడం వలన అనేక దూడలను కాపాడవచ్చు. దూడ దక్కని పక్షంలో ఒకే వ్యక్తి, ఒకే వేళకు, దాణా పెట్టి, పొదుగును గోరువెచ్చని నీటితో కడిగి, మృదువుగా మర్దన చేస్తూ ఓర్పుతో అలవాటు చేయాలి.

పశువుకు భయం, బాధ, జ్ఞాపకం ఉన్నవని అంగీకరించిన పిదప దానిని పాలిచ్చే యంత్రంగా పరిగణించడం న్యాయం కాదు. మగ దూడకు దక్కవలసిన పాలను లెక్కించేటప్పుడు, ఆ దూడ లేకపోతే తల్లి పడే బాధను కూడా లెక్కలో చేర్చాలి.