కొత్త గాయకులు, చిన్న రికార్డు కంపెనీలు: సంతకానికి ముందు తెలుసుకోవలసినవి

మన ట్రస్టు ఉపకారవేతనం అందుకునే పిల్లలలో సంగీతం నేర్చుకునేవారు కూడా కొందరు ఉంటున్నారు. ఇంజనీరింగుకు ఏ కాలేజీ మంచిదని అడిగితే చెప్పడానికి మన చుట్టూ పదిమంది ఉంటారు. “మా అమ్మాయి బాగా పాడుతుంది. ఒక కంపెనీవారు రికార్డు చేస్తామంటున్నారు. సంతకం పెట్టవచ్చా?” అని అడగాలంటే మాత్రం ఎవరి దగ్గరకు వెళ్ళాలో తెలియదు.

నేను 2001 నుంచి తొమ్మిదేళ్ళు చెన్నైలో ఒక చిన్న రికార్డు కంపెనీలో పనిచేశాను. కొత్త గాయకులను నలుగురికీ పరిచయం చేయడమే మా పని. ఆ పని ఎలా జరుగుతుందో, అందులో తల్లిదండ్రులు ఎక్కడ జాగ్రత్తపడాలో ఈ పాఠంలో చెబుతాను. నేను చేసిన ఒక తప్పు కూడా ఇందులో ఉంది. దానిని దాచడం లేదు.

తెలుగు వల్ల వచ్చిన ఉద్యోగం

నాకు సంగీతం పెద్దగా రాదు. ఉద్యోగం ఇప్పించింది తెలుగే. త్యాగరాజస్వామి తిరువయ్యారులో ఉండి తెలుగులో కృతులు రచించారు. వాటిని పాడే తమిళ గాయకులు చాలామంది సాహిత్యాన్ని తమిళ లిపిలో రాసుకుంటారు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరం. అచ్చు పుస్తకాలలో తేడా తెలియడానికి అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. హడావుడిగా నోటుపుస్తకంలోకి ఎక్కించుకునేటప్పుడు ఆ అంకెలు జారిపోతాయి. అప్పుడు ‘గ’ కాస్తా ‘క’ అవుతుంది, అర్థం మారిపోతుంది.

స్టూడియోలో కూర్చుని ఇటువంటి తప్పులు పట్టుకోవడం, క్యాసెట్టు లోపల పెట్టే కాగితానికి పాటల వివరాలు రాయడం నా మొదటి పనులు. రాష్ట్రం వెలుపల పుట్టి ఇంట్లో తెలుగు నిలుపుకున్న పిల్లలకు ఈ రంగంలో ఇలాంటి చోటు ఉందని ముందుగా చెప్పాలనిపించింది.

చిన్న కంపెనీ ఏమి చేస్తుంది?

మన దేశంలో 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసింది. అప్పటి నుంచి చాలాకాలం రికార్డు వేయడం పెద్ద పెట్టుబడి గల కంపెనీల పనే. 1980 దశకంలో క్యాసెట్లు వచ్చాక ఖర్చు తగ్గింది, చిన్న కంపెనీలు పుట్టాయి. పెద్ద కంపెనీ పేరున్న గాయకుని వెంట వెళుతుంది. చిన్న కంపెనీకి అంత స్తోమత ఉండదు కాబట్టి ఇంకా పేరు రానివారిలో నిలబడగలవారిని ముందే గుర్తించాలి. దాని అసలు పెట్టుబడి చెవి.

మైలాపూరులో మేడమీద రెండు గదులు, ముగ్గురు మనుషులు, ఇదీ మా కంపెనీ. డిసెంబరు సీజనులో మా యజమాని సాయంత్రపు పెద్ద కచేరీలకు వెళ్ళేవారు కారు. మధ్యాహ్నం జరిగే కచేరీలకు వెళ్ళేవారు. అవి కొత్తవారివి. చాలా సభలలో వాటికి టిక్కెట్టు ఉండదు. హాలులో ఇరవైమంది ఉంటే అందులో సగం బంధువులే. ఒకే గాయకుణ్ణి మూడు వేర్వేరు రోజులు విన్నాకే ఆయన మాట్లాడేవారు. శ్రుతి నిలుస్తున్నదా, కాలప్రమాణం పరుగెత్తుతున్నదా, పక్కవాద్యాల వారిని వింటూ పాడుతున్నారా అనే మూడింటినే చూసేవారు.

పరిచయం చేసే పనిలో అయిదు మెట్లు

1. ఏమి పాడాలో నిర్ణయించడం. అరవై నిమిషాల క్యాసెట్టులో ఒక్కో వైపు ముప్పయి నిమిషాలు. ప్రధాన కృతి మధ్యలో తెగకూడదు. కొత్తవారు తమకు వచ్చినదంతా ఒకే రికార్డులో పెట్టాలనుకుంటారు. మేము అందరికీ తెలిసిన కృతులు రెండు, అరుదుగా వినిపించేది ఒకటి ఉండేలా చూసేవాళ్ళం. తెలిసినవి వినేవారిని కూర్చోబెడతాయి, అరుదైనది గాయకుని పేరు గుర్తుంచుతుంది.

2. పేర్లు సరిగా వేయడం. రాగం, తాళం, వాగ్గేయకారుడు, వయొలిన్, మృదంగం వాయించినవారు అందరి పేర్లూ ఉండాలి. ఒకసారి మృదంగం వాయించిన అబ్బాయి ఇంటిపేరు తప్పు పడింది. వాళ్ళ అమ్మగారు ఆ కాగితం పట్టుకుని మేడ మెట్లెక్కి వచ్చారు. ఐదువందల కాగితాలు మళ్ళీ అచ్చు వేయించాము.

3. వినవలసినవారికి పంపడం. ఆకాశవాణి కేంద్రాలు, సభల కార్యదర్శులు, సంగీతం మాస్టర్లు, ‘హిందూ’ వంటి పత్రికలలోనూ 1983లో మొదలైన ‘శ్రుతి’ మాసపత్రికలోనూ సమీక్షలు రాసేవారు మా జాబితాలో ఉండేవారు. ప్రతి ప్రతితోనూ చేతితో రాసిన రెండు వాక్యాల చీటీ పెట్టేవాళ్ళం: ఈ పాట వినండి, ఫలానా కారణం వల్ల. అచ్చువేసిన పొగడ్త ఎవరూ చదవరు. రెండు వారాల తర్వాత ఫోను చేసేవాళ్ళం. ఎక్కువమంది “ఇంకా వినలేదు” అనేవారు. మళ్ళీ చేసేవాళ్ళం.

4. కచేరీలతో కలపడం. కచేరీ విన్నవాడే రికార్డు కొంటాడు. చెన్నై సభల గుమ్మాల దగ్గర, బెంగుళూరు చామరాజపేటలో శ్రీరామనవమి ఉత్సవాల దగ్గర బల్ల వేసుకుని కూర్చునేవాళ్ళం. దుకాణంలో నెలంతా అమ్ముడుపోనన్ని ప్రతులు ఒక మంచి కచేరీ తర్వాత అరగంటలో పోయిన సందర్భాలు ఉన్నాయి.

5. రెండో రికార్డు. మొదటిది ఉత్సాహంతో వస్తుంది. మూడేళ్ళ తర్వాత అదే గాయకునితో రెండోది వేయగలిగితే మా పని ఫలించినట్టు లెక్క.

నేను చేసిన తప్పు

2003లో హోసూరు వైపు నుంచి ఒక తండ్రి కూతుర్ని తీసుకుని వచ్చారు. ఆయన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. అమ్మాయికి ఇరవై ఏళ్ళు. గొంతు బాగుంది, తెలుగు ఉచ్చారణ నేను దిద్దవలసిన అవసరమే రాలేదు. మా యజమాని రికార్డు వేస్తామన్నారు. అయితే అప్పటికే ఎం.పి.3 నకళ్ళ వల్ల అమ్మకాలు పడిపోయి, కంపెనీ ఒక షరతు పెట్టసాగింది: గాయకులే 300 సీడీలు ముందుగా డబ్బు కట్టి కొనాలి. ఆ ఉత్తరం రాసింది నేనే. ఆ డబ్బుతో స్టూడియో ఖర్చు, సీడీల ముద్రణ ఖర్చు దాదాపు తీరిపోతాయని నాకు తెలుసు. ఆయనకు ఆ మాట చెప్పలేదు.

ఒప్పందం ఇంగ్లీషులో నాలుగు పేజీలు. మూడో పేజీలో “సర్వహక్కులు, శాశ్వతంగా, ప్రపంచమంతటా కంపెనీకి” అని ఉంది. ఆయన “అంతా మామూలే కదా బాబూ?” అని అడిగారు. “మామూలేనండీ” అన్నాను. ఆయన భార్య గొలుసు తాకట్టు పెట్టి ఆ డబ్బు తెచ్చారని తర్వాత తెలిసింది. అమ్ముడుపోని సీడీల అట్టపెట్టెలు చాలా ఏళ్ళు వాళ్ళ మంచం కిందే ఉన్నాయి.

2010లో మా కంపెనీ మూతపడింది. రికార్డులన్నీ మరో సంస్థకు అమ్మేశారు. 2020లో లాక్‌డౌన్ సమయంలో ఆ అమ్మాయి తన పాటలను యూట్యూబులో పెట్టుకుంది. కొన్ని గంటలకే ఆ సంస్థ పేరుతో అభ్యంతరం వచ్చి పాటలు ఆగిపోయాయి. ఆమె నాకు ఫోను చేసింది. “అన్నా, నా పాట నాది కాదంటున్నారు. ఆ రోజు కాగితం మా నాన్న ముందు పెట్టింది మీరే కదా?” అంది. నా దగ్గర జవాబు లేదు. క్షమించమని అడిగాను. ఆ తర్వాతే చట్టం పుస్తకం తెరిచాను. ఉద్యోగంలో చేరిన రోజే తెరవవలసింది.

ఒక పాటలో ఎన్ని హక్కులు?

1957 కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యం, సంగీతం, సౌండ్ రికార్డింగ్ వేర్వేరు. ఇవి కాక గాయకునికి ప్రదర్శకుని హక్కు ఉంటుంది.

సాహిత్యం, సంగీతం: రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందారు కాబట్టి ఆయన కృతులు ఎవరైనా పాడవచ్చు. అన్నమయ్య విషయంలో జాగ్రత్త అవసరం. సాహిత్యం అయిదువందల ఏళ్ళనాటిది. ఇప్పుడు మనం వింటున్న వరుసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. మైసూరులో చాలాకాలం అధ్యాపకులుగా ఉన్న రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో, నేదునూరి కృష్ణమూర్తి గారు 2014లో మరణించారు. వారు కట్టిన వరుసలకు కాపీరైటు వరుసగా 2039, 2074 చివరి వరకు నడుస్తుంది. మేము కొన్ని సీడీలలో ఇటువంటి చోట “సంప్రదాయం” అని వేసి ఊరుకున్నాము. అదీ తప్పే.

సౌండ్ రికార్డింగ్: ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. దీనికి కర్త నిర్మాత, అంటే ఆ పని తలపెట్టి బాధ్యత వహించినవారు. పాడినవారు కాదు. ఆ అమ్మాయి పాటలు ఆగిపోయింది ఇక్కడే.

ప్రదర్శకుని హక్కు: 50 ఏళ్ళు. 2012 సవరణ దీనిని ఇంకా బలపరచింది. తన పాటగా తన పేరు ఉండాలని కోరే హక్కు గాయకునికి ఉంది.

హక్కుల బదిలీ గురించి చెప్పే 19వ సెక్షను ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ హక్కులు, ఎంతకాలం, ఎంత ప్రాంతం అన్నది అందులో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్ళు అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం భావిస్తుంది. మా ఒప్పందంలో “శాశ్వతంగా” అని స్పష్టంగా రాసి ఉంది కాబట్టి ఈ రక్షణ ఆ అమ్మాయికి అందలేదు.

ఒక దారి మాత్రం మిగిలింది. ఆ రికార్డింగు కంపెనీది, త్యాగరాజ కృతులు ఎవరి సొత్తూ కావు. మళ్ళీ పాడకూడదనే షరతు ఒప్పందంలో లేదు. ఆమె తిరిగి రికార్డు చేసుకుంది, ఈసారి తన పేరు మీద. ఆ కాగితాలన్నీ నేను దగ్గరుండి చూశాను. ఇరవై ఏళ్ళనాటి గొంతు మాత్రం ఆమెకు తిరిగి రాలేదు.

ఇప్పటి పరిస్థితి

సీడీల కాలం దాదాపు పోయింది. ఇప్పుడు చిన్న లేబుల్ పాటను పంపిణీదారు ద్వారా స్పాటిఫై, జియోసావన్ వంటి వాటికి చేరుస్తుంది. వెనుకటి కాగితం పని ఇప్పుడు కంప్యూటరులో నింపే వివరాల పని అయింది. ప్రతి రికార్డింగుకూ ఐ.ఎస్.ఆర్.సి. అనే 12 అక్షరాల, అంకెల గుర్తు ఉంటుంది. ఆ గుర్తు, పేర్లు సరిగా లేకపోతే డబ్బు సరైనవారికి చేరదు. ఆదాయం మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. ముందటి 12 నెలలలో కనీసం 1,000 సార్లు విన్న పాటకే రాయల్టీ లెక్కిస్తామని స్పాటిఫై 2024లో నియమం పెట్టింది. కొత్త గాయకులకు ఇప్పటికీ కచేరీయే ఆధారం, రికార్డు దానికి పరిచయపత్రం.

సంతకానికి ముందు అడగవలసిన ప్రశ్నలు

1. ఖర్చు ఎవరు పెడుతున్నారు? మీరే పెడితే నిర్మాతగా మీ పేరు, హక్కులు మీకు ఉండాలని రాయించుకోండి.
2. హక్కులు ఎన్నేళ్ళకు? “శాశ్వతంగా” అంటే ఒప్పుకోకండి. అయిదేళ్ళో పదేళ్ళో అడగండి.
3. కంపెనీ మూతపడినా, అమ్ముడుపోయినా రికార్డింగు మీకు తిరిగి వస్తుందా?
4. పరిచయం చేయడానికి కంపెనీ ఏమేమి చేస్తుంది? ఎవరికి పంపుతుంది? ఎన్ని కచేరీల దగ్గర ఉంటుంది? “ప్రచారం చేస్తాం” అనే ఒక్క మాట చాలదు.
5. లెక్కలు ఏడాదికి ఎన్నిసార్లు చూపిస్తారు?
6. అదే కృతిని మళ్ళీ రికార్డు చేయకూడదనే షరతు ఉందా?
7. గాయకుని వయసు 18 నిండకపోతే ఆ సంతకం చెల్లదు. తల్లిదండ్రులు చదివి పెట్టాలి. ఇంగ్లీషు రాకపోతే ఒక వారం గడువు అడిగి, తెలిసిన వకీలుకు చూపించండి. గడువు ఇవ్వనివారితో పని లేదు.

రికార్డు కోసం గొలుసు తాకట్టు పెట్టకండి. ముందు ఆకాశవాణి ఆడిషన్‌కు వెళ్ళండి. కేంద్ర సాంస్కృతిక శాఖ పథకాలు చూడండి. సి.సి.ఆర్.టి. ద్వారా 10–14 ఏళ్ళ పిల్లలకు ప్రతిభా ఉపకారవేతనం, 18–25 ఏళ్ళ యువ కళాకారులకు రెండేళ్ళ ఉపకారవేతనం ఉన్నాయి. ప్రకటన వచ్చినప్పుడు తేదీలు, నియమాలు సరిచూసుకోండి.

విద్యార్థులకు అభ్యాసం: మీకు ఇష్టమైన ఒక కీర్తన తీసుకోండి. సాహిత్యం ఎవరిది, వరుస ఎవరిది, మీరు విన్న రికార్డింగుకు నిర్మాత ఎవరు, పక్కవాద్యాలు ఎవరివి అని నాలుగు గళ్ళలో రాయండి. ఖాళీగా మిగిలిన గడి ఎవరి పేరు మరుగున పడిందో చూపిస్తుంది.

ఆ ఉపాధ్యాయుడు అడిగిన ప్రశ్న ఇంకా నా చెవిలో ఉంది. “అంతా మామూలే కదా?” అని రేపు ఎవరైనా మిమ్మల్ని అడిగితే, మూడో పేజీ తెరిచి పక్కన కూర్చుని చదివి చెప్పండి.