మచ్చు తీయుట: గణాంకశాస్త్రమున తొలిపాఠము

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నిటిని నొక్కి చూచు ఇల్లాలు ఎచ్చటను లేదు. ఒక మెతుకు పట్టి చూచి కుండ దించును. కొంచెమును చూచి అంతటిని గూర్చి చెప్పుట ఎప్పుడు చెల్లును, ఎప్పుడు చెల్లదు? గణాంకశాస్త్రమును క్రొత్తగా నేర్చువారికై మేము ఈ ప్రశ్ననే ముఖ్యముగా విచారింపనెంచితిమి.

ముందుగా కొన్ని పేర్లు. మనము తెలిసికొనగోరిన వ్యక్తుల లేక వస్తువుల మొత్తము సముదాయము. అందుండి పరీక్షకై తీసిన భాగము మచ్చు. దీనినే నమూనా యనియు నందురు. పరీక్షించి వ్రాసికొన్న వివరములు దత్తాంశములు. ఇవి యన్నియు నొక్క జాతివి కావు. ఊరు, మాతృభాష, తండ్రి చేయు వృత్తి గుణములు. ఏ యూరివారెందరో లెక్కింపవచ్చును గాని ఊళ్లకు సగటు లేదు. తరగతిలో మొదటి స్థానము, రెండవ స్థానము అనునవి వరుసను మాత్రమే తెలుపును. ఆ యిద్దరి నడుమ భేదము ఒక మార్కో ముప్పది మార్కులో అవి చెప్పవు. ఇంటిలో పిల్లలెందరన్నది లెక్కించు సంఖ్య. ఎత్తు, బరువు, వర్షపాతము కొలుచు సంఖ్యలు. అంకె కనబడిన ప్రతిచోటను సగటు తీయరాదు. హాజరుపట్టీలోని వరుస నంబర్లను కూడి భాగించిన బాలుని కూడిక సరిగనే యుండవచ్చును, ఫలితమునకు మాత్రము అర్థము లేదు.

ఇక మచ్చు సంగతి. మెతుకు కుండకంతటికి సాక్ష్యమగుట యెట్లు? నీరు మరిగి మెతుకులన్నియు కలియుటచేతనే. అడుగు మాడిన కుండయైనచో పైమెతుకు మాట నమ్మరాదు! మనుష్యులు అట్లు కలిసియుండువారు కారు. కలవారొక వీధిని, లేనివారొక వీధిని నుందురు. అమెరికాలో 1936వ సంవత్సరపు దేశాధ్యక్షుని యెన్నికకు ముందు ‘లిటరరీ డైజెస్ట్’ అను వారపత్రికవారు ఇంచుమించు కోటిమందికి ప్రశ్నపత్రములు పంపిరి. దాదాపు 23 లక్షలు తిరిగివచ్చెను. వానిని లెక్కించి లాండను గెలుచునని ప్రకటించిరి. ఎన్నికలో 48 రాష్ట్రములకు 46 రూజ్వెల్టుకే దక్కెను. పత్రికవారు పేర్లను ఎక్కువగా టెలిఫోను పట్టీలనుండియు, మోటారుకార్ల పట్టీలనుండియు తీసియుండిరి. అది ఆర్థికమాంద్యకాలము. టెలిఫోనును కారును లేనివారు ఆ లెక్కలోనికి రాలేదు. ఓటు మాత్రము వారికుండెను. మరియు పత్రము అందినవారిలో నలుగురికి ముగ్గురు బదులు వ్రాయలేదు. వ్రాసినవారు వ్రాయనివారివంటివారే యని యెట్లు నమ్ముట? ఈ రెండవ లోపమే పెద్దదని తరువాత పరిశోధించినవారిలో కొందరి యభిప్రాయము. అదే యెన్నికలో గాలప్ అనునతడు ఇంచుమించు 50,000 మందినే యడిగి గెలుపెవరిదో సరిగా చెప్పెను. ఆ గాలప్ సహితము 1948లో తప్పెను. డ్యూయీ గెలుచుననగా ట్రూమన్ గెలిచెను. ఇన్ని విధములవారిని ఇంతమంది చొప్పున అడుగుడని చెప్పి, ఎవరినడుగవలెనో ఉద్యోగుల యిష్టమునకు విడుచుట అప్పటి పద్ధతి.

కావున ఎంపికను మన యిష్టమునుండి తప్పించి లాటరీకి అప్పగింతురు. 600 మంది గల పాఠశాలలో పిల్లలు ఎంతదూరమునుండి నడచి వచ్చుచున్నారో తెలియవలెనన్న, 600 చీటీలు వ్రాసి, సమానముగా మడిచి, కడవలో బాగుగా కలిపి, 60 తీయవలెను. ఉదయము ద్వారముకడ ముందుగా కనబడిన 60 మందినడిగిన పొరుగిండ్లవారే దొరకుదురు. చీటీ వచ్చిన బాలుడు నాడు రాకున్న ప్రక్కవానినడుగుటయు కూడదు. వాని యూరు దూరమగుటచేతనే రాలేదేమో! వాడు వచ్చువరకు ఆగవలెను, లేదా ఇంటికి పోయి యడుగవలెను.

మన దేశమున ఈ విద్యకు ఆద్యులు ప్రశాంతచంద్ర మహలనోబిసుగారు. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటును స్థాపించి, 1937 మొదలు బెంగాలులో జనుము పంట విస్తీర్ణమును మచ్చులవలన లెక్కగట్టించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన సి. ఆర్. రావుగారు (1920–2023) 1941లో అచ్చటికే పోయి చేరి జగద్విఖ్యాతులైరి.

పంటలెక్కలో లాటరీ సరిగా వేసినను దోషము దూరు మార్గమొకటి కలదు. చేనిలో చిన్న మడిని కొలిచి కోసి, ఆ ధాన్యమునుబట్టి ఎకరమునకెంతయో చెప్పుదురు. మడి మరీ చిన్నదైన దిగుబడి ఉన్నదానికంటె ఎక్కువగా కనబడునని 1940 తరువాతి సంవత్సరములలో పి. వి. సుఖాత్మేగారు చూపిరి. కోయువాని కొడవలి గీతమీది దుబ్బులను వెలుపల విడువక లోనికే చేర్చును. అట్టి లెక్కను నమ్మి గాదెలు నిండియున్నవని తలచు ప్రభుత్వము ధాన్యము తెప్పించుటకు తొందరపడదు. లేని గింజలకై పేదలు కాచుకొనియుందురు. మీటరు చదరపు మడికి చుట్టుకొలత 4 మీటర్లు, అనగా చదరపు మీటరునకు 4 మీటర్ల గీత. 5 మీటర్ల మడికి చుట్టుకొలత 20 మీటర్లు, వైశాల్యము 25 చదరపు మీటర్లు. చదరపు మీటరునకు 80 సెంటీమీటర్ల గీతయే. అందుచేత వరిచేలలో సాధారణముగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడినే కోయుదురు. అది చేనిలో ఎచ్చట పడవలెనో, ఏ మూలనుండి ఎన్ని అడుగులు నడువవలెనో, కోయువాడు గాక లాటరీ అంకెలే నిర్ణయించును.